అర మిల్లీమీటరు

మొదటిసారి మోటారు ఊడిపోయినప్పుడు
రీహో దాన్ని తీగలు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు,
చచ్చిన చేపని తోకపట్టి తెచ్చినట్టు.
ఏప్రిల్ నెల. సారెమా దీవి చుట్టూ బాల్టిక్ నీళ్ళు
ఇంకా మంచువాసన వేస్తున్నాయి.
నా బల్ల మీద దాన్ని పడేసి
పొయ్యి పక్కన కూలబడ్డాడు.
పెదాలు నీలం. మాట లేదు.

పక్షుల గూళ్ళు లెక్కపెట్టడం అతని ఉద్యోగం.
మే వస్తే పడమటి తిప్పల మీద
ఐడర్ బాతులు పొదుగుతాయి.
పెట్రోలు పడవ మోతకి తల్లి లేచిపోతే
గుడ్లు కాకుల పాలు.
అందుకే ఈ పలక:
కింద నిలువునా అల్యూమినియం కాడ,
కాడ అడుగున రెండు రెక్కలు, ఒక విద్యుత్ మోటారు.
వేగం అందుకుంటే పలక నీళ్ళు వదిలి లేస్తుంది,
మోత లేకుండా పోతుంది.
అన్నీ కొనుక్కున్నాడు పాపం.
మోటారుని కాడకి పట్టి ఉంచే ముక్క మాత్రం
తనే ప్లాస్టిక్‌తో అచ్చు తీశాడు.
బోల్టు చెవి దగ్గర పుటుక్కుమంది.

నలభై ఏళ్ళు ట్రాలర్ ఇంజన్ల కడుపులో బతికినదాన్ని,
నాకు తెలుసు:
పంకా కుడికి తిరిగితే మోటారు ఒళ్ళు ఎడమకి తిరగాలనుకుంటుంది.
నిమిషానికి వేలసార్లు అడుగుతుంది,
వెంట్రుకవాసి వదులు ఇమ్మని.
ఒక్కసారి ఇచ్చామా, ఇక అంతే.

"కాడకి బెజ్జం వేసేద్దాం హిల్యె," అన్నాడు.
బెజ్జం వేసిన చోటే రేపు విరుగుతుంది, అన్నాను.
ఆ కాడ గుండ్రం కాదు,
పైనుంచి చూసిన చేప: మొద్దు ముక్కు, సన్నని తోక.
ఆ ఆకారాన్నే లోపల చెక్కి
రెండు దిమ్మలు చేశాను.
బోల్టులు వేసి, ఉడుంపట్టు పట్టాలని
మోకాలితో తొక్కి మరీ బిగించాను.
కాడ లోపల బోలు అన్న సంగతి
చేతులు మర్చిపోయాయి.
కరక్ అంది.
నా గొంతులో వచ్చిన తిట్టు
మా నాన్న వాడేది, రేవులో నేర్చినది.

ఆ రాత్రి పడుకోలేదు.
నొక్కుపడ్డ కాడని ఒళ్ళో పెట్టుకుని
వేలితో తడుముతూ కూచున్నాను.
దిమ్మలు రెండూ పూర్తిగా కలుసుకున్నాయని అప్పుడు చూశాను.
ఒకదానికొకటి ఆనుకున్నాక
బోల్టు బలమంతా దిమ్మల మీదికే పోతుంది,
కాడని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.
నేనేమో చాలక ఇంకా తొక్కాను.

కొత్త కాడ వచ్చేదాకా పది రోజులు.
ఈసారి పట్టు జానెడు పొడుగు,
నొక్కుడు ఒకచోట కాక అంతటా పంచుకునేలా.
దిమ్మల మధ్య అర మిల్లీమీటరు సందు,
బిగించాక కూడా మిగిలేలా.
అల్యూమినియం, స్టీలు ఉప్పునీళ్ళలో తాకితే
ఒకటి రెండోదాన్ని తింటుంది,
అందుకని ప్రతి బోల్టుకీ ప్లాస్టిక్ తొడుగు, గ్రీజు.
టార్క్ రెంచి ఐదు దగ్గర టక్కుమంటే చాలు,
మోకాలు దించేశాను.

బజారుకెళ్ళి గోళ్ళరంగు అడిగాను, ఎర్రది.
కొట్లో పిల్ల కార్త్ నా నల్లటి గోళ్ళు చూసి
"ఏమిటి విశేషం?" అంది.
"ఎనిమిది బోల్టులకి."
బోల్టు తల మీంచి దిమ్మ మీదికి ఒక గీత.
బోల్టు కదిలితే గీత తెగుతుంది.

మే ఎనిమిది, తెల్లారి నాలుగు.
రీహో రేవు దాటాడు, లేచాడు,
నీటికి మూరెడు పైన మనిషి నిలబడి పోతున్నాడు.
నేను చెవి ఒగ్గి విన్నాను.
వదులైతే గలగల వినిపించాలి.
నీళ్ళు చీలుతున్న సన్నని చప్పుడు,
అదీ కాసేపటికి లేదు.

రెండు గంటలకి తిరిగొచ్చాడు.
నూట పదకొండు గూళ్ళు, ఒక్క తల్లీ లేవలేదని
ఏదో ఏదో చెబుతున్నాడు.
నేను పలక తిరగేసి
చొక్కా అంచుతో ఉప్పు తుడిచి
కళ్ళజోడు పెట్టుకున్నాను.
ఒకటి. రెండు. మూడు.
"వింటున్నావా?" అన్నాడు.
ఉండు, ఇంకా ఐదు గీతలున్నాయి.